చార్లెస్ బైర్న్

చార్లెస్ బైర్న్ (1761 - జూన్ 1, 1783) ఐర్లాండుకు చెందిన మహాకాయుడు. దాదాపు 7 అడుగుల 7 అంగుళాల (2.31 మీటర్లు) ఎత్తు ఉన్న ఇతడు 1782-83 సంవత్సరాలలో లండను నగరంలో తన శరీరాన్నే ప్రదర్శనగా చూపి జీవనం సాగించాడు. ఐరిష్ జెయింట్ అని, ఓబ్రయన్ అని ప్రసిద్ధి పొందాడు. 22 ఏళ్ళ వయసులోనే మరణించాడు. మరణానంతరం తన దేహాన్ని సముద్రంలో నిక్షేపించాలని కోరుకున్నాడు, కానీ ఆ కోరిక నెరవేరలేదు. ప్రముఖ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఆ దేహాన్ని చేజిక్కించుకొని అస్థిపంజరాన్ని తన మ్యూజియంలో ఉంచాడు. ఆ ఎముకల ఆధారంగా 1909లో బైర్న్ ఎత్తుకు పీయూష గ్రంథిలోని కణితి కారణమని తేలింది. 2011లో ఆ కణితికి మూలమైన జన్యులోపం కూడా తెలిసింది. అదే లోపం బైర్న్ పుట్టిన ప్రాంతంలో నేటికీ కొన్ని కుటుంబాలలో ఉంది. పీయూష గ్రంథి కణితుల వంశపారంపర్యతను వివరించే చోట బైర్న్ పేరు తప్పక వస్తుంది.

బాల్యం

బైర్న్ 1761లో ఐర్లాండు ఉత్తర భాగంలోని లిటిల్‌బ్రిడ్జ్ అనే కుగ్రామంలో జన్మించాడు. ఇది లండన్‌డెరి, టైరోన్ కౌంటీల సరిహద్దులో, లాక్ నేహ్ అనే పెద్ద సరస్సుకు పడమరగా ఉంది. ప్రస్తుతం ఈ ప్రాంతం బ్రిటనులో భాగమైన ఉత్తర ఐర్లాండులో ఉంది. ఇతడి తల్లిదండ్రులు సామాన్యులు. ఇద్దరిలో ఎవరూ అసాధారణమైన ఎత్తు ఉన్నవారు కారు. ఈ విషయానికి రెండు శతాబ్దాల తరువాత జన్యుశాస్త్రం వివరణ ఇచ్చింది.

ఆ రోజులలో ఇటువంటి పెరుగుదలకు కారణం ఎవరికీ తెలియదు. బైర్న్ తల్లి ఎత్తైన గడ్డివాము మీద గర్భం ధరించినందువల్లే బిడ్డ అంత ఎత్తు పెరిగాడని ఊరివారు చెప్పుకొనేవారు. ఐర్లాండు జానపద కథలలో కొండలు పెకలించిన మహాకాయుల గాథలు అనేకం ఉన్నాయి. అందువలన బైర్న్ కూడా చుట్టుపక్కల ప్రజలకు ఆ కథల నుండి దిగివచ్చినవాడిలా కనిపించాడు.

ప్రదర్శనల జీవితం

18వ శతాబ్దంలో అసాధారణమైన ఆకారం గలవారిని సంతలలో, నగరాలలో డబ్బుకు ప్రదర్శించడం యూరోపు అంతటా ఉన్న వ్యాపారం. బైర్న్ స్వగ్రామానికి సమీపంలోని కోగ్ అనే ఊరికి చెందిన జో వాన్స్ అనే వ్యక్తి ఇతడిని వెంటబెట్టుకొని ప్రదర్శనలు ఏర్పాటు చేశాడు. మొదట స్కాట్లాండులోను, తరువాత ఇంగ్లాండు ఉత్తర భాగంలోను వీరు పర్యటించారు. ఎడిన్‌బరోలో నార్త్ బ్రిడ్జి మీద వీధి దీపాన్ని నేల మీద నిలబడే అందుకొని తన పొగాకు పైపును వెలిగించుకున్నాడని, అది చూసి రాత్రి కాపలాదారులు బెదిరిపోయారని ఒక కథ ప్రచారంలో ఉంది.

ప్రదర్శనల కోసం బైర్న్ ఓబ్రయన్ అనే పేరు కూడా వాడుకున్నాడు. ఓబ్రయన్లు ప్రాచీన ఐర్లాండు రాజవంశీకులు. మహాకాయులుగా ప్రదర్శనలిచ్చే పలువురు ఐర్లాండువారు ఆ వంశం పేరు చెప్పుకొనడం అప్పటి ఆనవాయితీ. ఈ కారణంగా బైర్న్ కథలు, అదే కాలానికి చెందిన పాట్రిక్ కాటర్ ఓబ్రయన్ (1760-1806) కథలు కొన్ని గ్రంథాలలో కలగలిసిపోయాయి.

లండనులో

1782లో 21 ఏళ్ళ వయసులో బైర్న్ లండను చేరుకున్నాడు. స్ప్రింగ్ గార్డెన్స్ ప్రాంతంలో, కాక్స్ మ్యూజియం పక్కనే ఉన్న ఒక చేతికర్రల దుకాణం భవనంలో బస చేసి సందర్శకులకు దర్శనమిచ్చేవాడు. ప్రవేశ రుసుము రెండున్నర షిల్లింగులు. అప్పటి కూలివారికి అది రోజు కూలి కంటే ఎక్కువ. అయినా జనం వచ్చారు. పత్రికలు బైర్న్ గురించి వరుసగా ప్రకటనలు, వార్తలు ప్రచురించాయి. వాటిలో ఇతడి ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలని, కొన్నిచోట్ల 8 అడుగుల 4 అంగుళాలని రాశారు. ప్రదర్శకుల ప్రకటనలలో ఇటువంటి అతిశయోక్తులు సాధారణం. అస్థిపంజరాన్ని కొలిచిన తరువాతనే అసలు ఎత్తు తెలిసింది.

బైర్న్ మృదుస్వభావి అని, మర్యాద తెలిసినవాడని సమకాలికులు రాశారు. సంపన్నులు, ప్రభువంశీకులు, విద్యావేత్తలు ఇతడిని చూడడానికి వచ్చారు. పోలండుకు చెందిన ప్రసిద్ధ మరుగుజ్జు జోసెఫ్ బొరువ్‌లాస్కీ ఇదే కాలంలో లండనులో ఉన్నాడు. వీరిద్దరి కలయిక అప్పట్లో విశేషంగా చెప్పుకున్నారు. 1782లోనే హేమార్కెట్ నాటకశాలలో ఐర్లాండు మహాకాయుడి ఇతివృత్తంతో ఒక వినోద ప్రదర్శన జరిగింది. ఎడిన్‌బరో చిత్రకారుడు జాన్ కే, లండను చిత్రకారుడు థామస్ రోలండ్‌సన్ ఐర్లాండు మహాకాయుల బొమ్మలు గీశారు.

లండనులో కొత్తదనం ఎంతోకాలం నిలవదు. కొన్ని నెలలలోనే సందర్శకుల సంఖ్య తగ్గింది. బైర్న్ బస పికడిలీకి, అక్కడి నుండి చేరింగ్ క్రాస్ ప్రాంతానికి మారింది. రుసుము కూడా తగ్గించారు. ఈ లోగా ఇతడి ఆరోగ్యం క్షీణించింది, మద్యపానం పెరిగింది. 1783 ఏప్రిల్‌లో బ్లాక్ హార్స్ అనే మద్యశాలలో ఉండగా ఇతడి జేబులోని సొమ్ము దొంగతనానికి గురయింది. తాను కూడబెట్టిన 700 పౌండ్లను బైర్న్ రెండు బ్యాంకు నోట్లుగా మార్చుకొని వెంట ఉంచుకునేవాడు. ఆ రెండూ పోయాయి. ఆ దెబ్బ నుండి బైర్న్ కోలుకోలేదు.

మరణం, చివరి కోరిక

బైర్న్ 1783 జూన్ 1న చేరింగ్ క్రాస్ సమీపంలోని కాక్‌స్పర్ వీధిలో మరణించాడు. అధిక మద్యపానం, దొంగతనం వలన కలిగిన మనోవ్యథ మరణానికి కారణాలని అప్పటి పత్రికలు రాశాయి. పీయూష గ్రంథి కణితి వలన శరీరంపై పడిన భారం కూడా ఇందుకు తోడై ఉంటుందని నేటి వైద్యులు భావిస్తున్నారు.

తన దేహం శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల చేతిలో పడుతుందని బైర్న్ చివరి రోజులలో తీవ్రంగా భయపడ్డాడు. ఆ భయానికి ఆధారం ఉంది. 1752 నాటి చట్టం ప్రకారం హత్యానేరానికి ఉరితీయబడినవారి దేహాలను కోతకు అప్పగించేవారు. అంటే కోత శిక్షలో భాగం. వైద్య పాఠశాలలకు ఆ దేహాలు చాలక, సమాధుల నుండి శవాలను తవ్వి అమ్మే ముఠాలు పుట్టుకొచ్చాయి. దేహం చెక్కుచెదరకుండా ఉంటేనే పునరుత్థానం కలుగుతుందని నమ్మే సామాన్య క్రైస్తవునికి కోత అనేది మరణం కంటే భయంకరమైన విషయం. అందుకని బైర్న్ తన మిత్రులకు డబ్బు అప్పగించి, తన దేహాన్ని సీసపు పెట్టెలో ఉంచి సముద్రంలో ముంచివేయమని కోరాడు.

దేహాన్ని తస్కరించడం

బైర్న్ భయపడిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు జాన్ హంటర్ (1728-1793). స్కాట్లాండులో జన్మించిన హంటర్ ఆ కాలపు శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడు. మూడవ జార్జి రాజుకు శస్త్రవైద్యుడిగా నియమితుడైనవాడు. శస్త్రచికిత్సను ప్రయోగాల పునాదిపై నిలిపినవాడిగా చరిత్రలో గౌరవం పొందాడు. జంతువులు, మనుషుల అవయవాలతో ఇతడు కూర్చిన సంగ్రహంలో దాదాపు 14,000 నమూనాలు ఉండేవి. బైర్న్ అస్థిపంజరాన్ని అందులో చేర్చాలని హంటర్ నిశ్చయించుకున్నాడు. బైర్న్ బ్రతికి ఉండగానే అతడి కదలికలు గమనించడానికి తన మనిషిని నియోగించాడు.

బైర్న్ మరణించిన తరువాత మిత్రులు శవపేటికను తీసుకొని సముద్రతీరంలోని మార్గేట్ పట్టణానికి బయలుదేరారు. దారిలో పెట్టెకు కాపలా ఉన్నవారికి హంటర్ లంచం ఇచ్చాడు. ఆ మొత్తం 500 పౌండ్లని పలు గ్రంథాలు చెబుతున్నాయి. దేహాన్ని బయటకు తీసి, దాని స్థానంలో బరువు కోసం రాళ్ళు నింపి పెట్టె మూసివేశారని చెబుతారు. మార్గేట్ వద్ద సముద్రంలో మునిగినది ఆ రాళ్ళ పెట్టె. దేహం హంటర్ ఇంటికి చేరింది. విషయం బయటపడకముందే పని ముగించాలని హంటర్ ఆ దేహాన్ని పెద్ద రాగి పాత్రలో ఉడికించి ఎముకలు వేరుచేశాడు. ఎముకలకు ఉన్న గోధుమ రంగుకు ఆ తొందరపాటే కారణమని అంటారు.

హంటర్ ఈ సంగతిని కొన్నేళ్ళు రహస్యంగా ఉంచాడు. సుమారు నాలుగేళ్ళ తరువాత గాని అస్థిపంజరాన్ని ప్రదర్శించలేదు. ఈ లోగా 1786లో సర్ జాషువా రేనాల్డ్స్ చిత్రించిన హంటర్ చిత్రపటంలో, పైభాగాన ఒక మూల ఈ అస్థిపంజరం కాళ్ళు మాత్రం కనిపిస్తాయి.

పాట్రిక్ కాటర్ ఓబ్రయన్ కూడా ఇదే భయంతో జీవించాడు. 1806లో అతడు బ్రిస్టల్‌లో మరణించినప్పుడు, ఎవరూ తవ్వి తీయలేని విధంగా రాతిలో తొలిచిన లోతైన గోతిలో సమాధి చేశారు.

హంటేరియన్ మ్యూజియంలో

హంటర్ మరణానంతరం 1799లో బ్రిటిష్ ప్రభుత్వం అతడి సంగ్రహాన్ని 15,000 పౌండ్లకు కొనుగోలు చేసి శస్త్రవైద్యుల సంస్థకు అప్పగించింది. అదే తరువాత రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అయింది. లండనులోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లో ఆ సంస్థ భవనంలో ఏర్పడిన హంటేరియన్ మ్యూజియంలో బైర్న్ అస్థిపంజరం ప్రధాన ఆకర్షణగా నిలిచింది. 1941 మే నెలలో జర్మనీ విమానాల బాంబు దాడిలో మ్యూజియం తీవ్రంగా దెబ్బతిని వేలాది నమూనాలు నాశనమైనా, బైర్న్ అస్థిపంజరం మిగిలింది.

పీయూష గ్రంథి పాత్ర

పీయూష గ్రంథి మెదడు అడుగున, ముక్కు వెనుక, కపాలపు ఎముకలోని చిన్న గుంటలో శనగగింజ పరిమాణంలో ఉంటుంది. ఇది స్రవించే పెరుగుదల హార్మోను కాలేయాన్ని ప్రేరేపిస్తుంది. కాలేయం నుండి వెలువడే మరో పదార్థం, పెరుగుదల హార్మోను కలిసి ఎముకల కొనల వద్ద ఉన్న మృదులాస్థి పలకలలో కణాలు వృద్ధి చెందేలా చేస్తాయి. యౌవనం పూర్తయ్యేసరికి ఈ పలకలు ఎముకగా మారిపోయి ఎత్తు పెరగడం ఆగిపోతుంది.

ఈ గ్రంథిలో పెరుగుదల హార్మోనును స్రవించే కణితి ఏర్పడినప్పుడు, పలకలు మూసుకోక ముందైతే మనిషి విపరీతమైన ఎత్తు పెరుగుతాడు. దీనిని అతికాయత అంటారు. పలకలు మూసుకున్న తరువాతైతే ఎత్తు పెరగదు. చేతులు, పాదాలు, దవడ, ముక్కు, నాలుక పెద్దవవుతాయి. వేలి ఉంగరం పట్టకపోవడం, ఏటికేడు చెప్పుల కొలత పెరగడం, పళ్ళ మధ్య సందులు రావడం దీని లక్షణాలు. ఇది ఎక్రోమెగాలి. పెరిగే కణితి గ్రంథిలోని ఇతర కణాలను నొక్కివేయడం వలన యౌవనం ఆలస్యమై, పలకలు మరికొన్నేళ్ళు తెరిచి ఉంటాయి. 22 ఏళ్ళ బైర్న్ ఎముకల కొనలు పూర్తిగా అతుక్కోలేదు. అంటే మరణించే నాటికి ఇతడు ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఇటువంటి కణితులు సాధారణంగా ఇతర అవయవాలకు పాకే క్యాన్సర్లు కావు. అయినా అధిక హార్మోను వలన గుండె, కీళ్ళు దెబ్బతింటాయి. మధుమేహం రావచ్చు. కణితి దృష్టినాడులను నొక్కితే చూపు మందగిస్తుంది.

ఫ్రెంచి వైద్యుడు పియర్ మరీ 1886లో ఎక్రోమెగాలిని వర్ణించి ఆ పేరు పెట్టాడు. అప్పటికి పీయూష గ్రంథితో దాని సంబంధం స్పష్టం కాలేదు. 1909లో అమెరికాకు చెందిన నాడీశస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ లండను వచ్చినప్పుడు, హంటేరియన్ మ్యూజియం సంరక్షకుడు ఆర్థర్ కీత్‌తో కలిసి బైర్న్ కపాలాన్ని పరీక్షించాడు. 126 ఏళ్ళుగా మూసి ఉన్న కపాలాన్ని తెరచి చూడగా, పీయూష గ్రంథి ఉండవలసిన గుంట బాగా విశాలమై కనిపించింది. గ్రంథిలో పెద్ద కణితి ఉండేదనడానికి అది నిదర్శనం. కుషింగ్ 1912లో పీయూష గ్రంథి వ్యాధులపై ప్రామాణిక గ్రంథాన్ని ప్రచురించాడు. ముక్కు మార్గం ద్వారా ఈ కణితులను తొలగించే శస్త్రచికిత్సను అభివృద్ధి చేసినవారిలో అతడు ముఖ్యుడు. 1921లో హెర్బర్ట్ ఎవాన్స్, జోసెఫ్ లాంగ్ పశువుల పీయూష గ్రంథి రసాన్ని ఎలుకలకు ఎక్కించి వాటిని అసాధారణమైన పరిమాణానికి పెంచగలిగారు. దీనితో పెరుగుదలకు ఆ గ్రంథే మూలమని రుజువైంది.

జన్యు పరిశోధన

పీయూష గ్రంథి కణితులలో అత్యధికం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. గ్రంథిలోని ఏదో ఒక కణంలో, మనిషి జీవితకాలంలో కలిగిన మార్పు వలన ఏర్పడతాయి. అయితే కొద్ది కుటుంబాలలో ఒకరికంటే ఎక్కువమందికి ఈ కణితులు వస్తాయి. బెల్జియంలోని లీజ్ నగరానికి చెందిన ఆల్బర్ట్ బెకర్స్ బృందం ఇటువంటి కుటుంబాలను సేకరించి, దీనిని ప్రత్యేక స్థితిగా గుర్తించింది. 2006లో ఫిన్లాండు పరిశోధకులు తమ దేశపు ఉత్తర ప్రాంత కుటుంబాలను పరిశీలించి, 11వ క్రోమోజోములోని ఏఐపీ అనే జన్యువులో లోపం ఇందుకు కారణమని కనుగొన్నారు.

ఏఐపీ జన్యువు కణితులను అణచివేసే జన్యువులలో ఒకటి. ప్రతి మనిషికి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున దీని రెండు ప్రతులు ఉంటాయి. ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయి ఉన్నా రెండవది పని చేస్తుంది. పీయూష గ్రంథిలోని ఏదైనా ఒక కణంలో ఆ రెండవ ప్రతి కూడా దెబ్బతింటే ఆ కణం అదుపు తప్పి కణితిగా పెరుగుతుంది. లోపం ఉన్న తల్లి లేదా తండ్రి నుండి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. కానీ లోపం సంక్రమించిన వారందరికీ కణితి రాదు. బాధిత కుటుంబాలలో ఇటువంటివారిలో సుమారు ఐదవ వంతు నుండి మూడవ వంతు లోపు మందికి మాత్రమే వ్యాధి కనిపిస్తుంది. మిగిలినవారు సాధారణ ఎత్తుతో, ఆరోగ్యంగా జీవించి, తమకు తెలియకుండానే లోపాన్ని తరువాతి తరానికి అందిస్తారు. బైర్న్ తల్లిదండ్రులు సామాన్యమైన ఎత్తు ఉన్నవారు కావడంలోని రహస్యం ఇదే.

లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్తా కొర్బొనిట్స్ ఉత్తర ఐర్లాండు మూలాలు గల కుటుంబాలలో ఒకే రకమైన ఏఐపీ లోపాన్ని గమనించింది. ఆ కుటుంబాల స్వస్థలాలు బైర్న్ జన్మస్థలానికి దగ్గరగా ఉండడంతో, బైర్న్‌లో కూడా అదే ఉందేమో పరీక్షించాలని ఆమె బృందం భావించింది. మ్యూజియం అనుమతితో అస్థిపంజరం నుండి రెండు దంతాలను తీసి, ప్రాచీన డీఎన్‌ఏ పరీక్షలలో అనుభవం ఉన్న జర్మనీలోని మైన్‌జ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. బైర్న్ డీఎన్‌ఏలోనూ అదే లోపం కనిపించింది. 330 అమైనో ఆమ్లాలు ఉండవలసిన ఏఐపీ ప్రోటీను, ఈ లోపం వలన 304వ స్థానం వద్దనే అర్ధాంతరంగా ఆగిపోతుంది. ఫలితాలు 2011 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమయ్యాయి.

బైర్న్‌లోను, నేటి నాలుగు కుటుంబాలలోను లోపానికి ఇరుపక్కల ఉన్న డీఎన్‌ఏ భాగం కూడా ఒకేలా ఉంది. అంటే లోపం వేరువేరుగా పుట్టలేదు, అందరికీ ఒకే పూర్వీకుడి నుండి వచ్చింది. తరం మారే కొద్దీ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి మార్పిడి జరిగి, ఇలా కలిసి వచ్చే భాగం పొడవు తగ్గుతుంది. మిగిలిన పొడవును బట్టి ఎన్ని తరాలు గడిచాయో అంచనా వేయవచ్చు. ఈ లెక్కన ఆ పూర్వీకుడు 57 నుండి 66 తరాల క్రితం, అంటే దాదాపు 1,500 ఏళ్ళ నాడు జీవించాడని తేల్చారు. మరిన్ని కుటుంబాలతో తరువాత చేసిన లెక్కలు ఆ కాలాన్ని దాదాపు 2,500 ఏళ్ళకు జరిపాయి.

నేటి కుటుంబాలకు ప్రయోజనం

2016లో ప్రచురితమైన అధ్యయనంలో ఉత్తర ఐర్లాండు ప్రజల నమూనాలను పరీక్షించారు. బైర్న్ పుట్టిన మిడ్ అల్‌స్టర్ ప్రాంతంలో సుమారు 150 మందిలో ఒకరికి ఈ లోపం ఉన్నట్లు తేలింది. బెల్‌ఫాస్ట్ నగరంలో ఇది సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఉంది.

ఏఐపీ లోపం వలన వచ్చే కణితులు చిన్న వయసులోనే మొదలై పెద్దవిగా పెరుగుతాయి. ఇతర కణితులను అదుపు చేసే మందులకు ఇవి అంతగా లొంగవు. అందువలన ముందుగా గుర్తించడం ముఖ్యం. ఒక రోగిలో లోపం కనిపిస్తే రక్తసంబంధీకులకు జన్యుపరీక్ష చేస్తారు. లోపం లేనివారికి ఇక ఏ పరీక్షలూ అవసరం లేదు. ఉన్నవారిని, ముఖ్యంగా పిల్లలను, ఎత్తు కొలతలు, హార్మోను పరీక్షలు, ఎమ్మారై ద్వారా క్రమంగా గమనిస్తారు. కణితి చిన్నదిగా ఉండగానే శస్త్రచికిత్స చేస్తే చూపు, ఎత్తు, ఆరోగ్యం నిలుస్తాయి. బైర్న్‌కు అందని చికిత్స, అతడి లోపాన్నే మోస్తున్న నేటి పిల్లలకు అందుతోంది.

సంబంధిత జన్యువులు

పీయూష గ్రంథి కణితులకు మరికొన్ని జన్యువులు కూడా కారణమవుతాయి. 1997లో గుర్తించిన మెన్1 జన్యువు చెడిపోతే పీయూష గ్రంథితో పాటు పారాథైరాయిడ్, క్లోమ గ్రంథులలోనూ కణితులు వస్తాయి. పెరుగుదల హార్మోనును స్రవించే కణితులలో సుమారు 40 శాతం వరకు, పుట్టుకతో కాక ఆ కణితిలో మాత్రమే కలిగే జీనాస్ జన్యువు మార్పును చూపుతాయి. 2014లో ఎక్స్ క్రోమోజోములోని జీపీఆర్101 జన్యువు రెట్టింపు కావడం వలన పసితనంలోనే అతికాయత మొదలవుతుందని కనుగొన్నారు.

తెలుగు ప్రాంతాలతో పోలిక

కర్నూలు, కడప జిల్లాలతో సహా రాయలసీమలో మేనరికం, మేనమామతో వివాహం తరతరాలుగా ఉన్న ఆచారాలు. వంశపారంపర్య వ్యాధి ఏది కనిపించినా దానికి మేనరికమే కారణమనే అభిప్రాయం ప్రజలలో ఉంది. మేనరికం వలన అంతర్గత లక్షణాలతో వచ్చే వ్యాధులు, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుండీ చెడిన ప్రతి అందితేనే వచ్చేవి, ఎక్కువవుతాయి. ఏఐపీ లోపం ఆ కోవకు చెందదు. ఒక్క చెడిన ప్రతి సంక్రమించినా కణితి వచ్చే అవకాశం ఉన్నందున దీనికి మేనరికంతో సంబంధం లేదు.

అయితే ఒకే పూర్వీకుడి లోపం ఒక సమూహంలో నిలిచిపోవడం అనే విషయంలో బైర్న్ కథకు తెలుగునాట పోలిక ఉంది. తెలుగు వైశ్యులలో కొందరికి, శస్త్రచికిత్సకు ముందు కండరాలను వదులు చేసేందుకు ఇచ్చే సుక్సినైల్‌కోలిన్ అనే మందును విచ్ఛిన్నం చేసే ఎంజైము ఉండదు. అందువలన ఆ మందు ప్రభావం నిమిషాలలో తగ్గవలసినది గంటల తరబడి ఉండిపోతుంది. వర్తక పట్టణాలైన ప్రొద్దుటూరు, నంద్యాల వంటి చోట్ల ఈ సామాజిక వర్గం చిరకాలంగా స్థిరపడి ఉంది. ఇది అంతర్గత లక్షణం. 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించినవని నిర్ధారించారు. కులాంతర వివాహాలు లేకపోవడమే దీనికి కారణం. ఐర్లాండులో సరస్సు ఒడ్డున కదలకుండా ఉండిపోయిన గ్రామాలు చేసిన పనిని, ఇక్కడ కులం కట్టుబాటు చేసింది. ఈ సమాచారం తెలిస్తే మత్తువైద్యుడు వేరే మందు వాడి ప్రమాదాన్ని నివారించగలడు.

రాయలసీమ రోగులకు వినాళగ్రంథుల ప్రత్యేక వైద్యం తిరుపతిలోని స్విమ్స్, తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రులలో లభిస్తుంది.

అస్థిపంజరంపై వివాదం

బైర్న్ కోరికకు విరుద్ధంగా అతడి ఎముకలను ప్రదర్శించడం సరికాదనే వాదన 2011 తరువాత బలపడింది. ఆ ఏడాది డిసెంబరులో వైద్యనీతి పండితుడు లెన్ డోయల్, న్యాయశాస్త్ర పండితుడు థామస్ ముయిన్‌జర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. డీఎన్‌ఏ సేకరణ పూర్తయింది కనుక అస్థిపంజరాన్ని బైర్న్ కోరిన విధంగా సముద్రంలో నిక్షేపించాలని వారు వాదించారు. బైర్న్ జీవితం ఆధారంగా 1998లో నవల రాసిన హిలరీ మాంటెల్ 2020లో ఎముకలను ఐర్లాండుకు తిరిగి పంపాలని కోరింది.

అస్థిపంజరాన్ని భద్రపరచాలనే పక్షం వారు, 1909లో ఎవరూ ఊహించని పరీక్ష 2011లో సాధ్యమయిందని, రేపటి పరీక్షలు కూడా ఇటువంటివే కావచ్చని చెబుతారు. అదే లోపం ఉన్న కుటుంబాలలో కొందరు కూడా పరిశోధనకు మద్దతు పలికారు. వ్యతిరేకించేవారు, ప్రయోజనం ఎంత గొప్పదైనా అనుమతి లేకుండా జరిగిన పనిని అది సక్రమం చేయదని అంటారు.

మ్యూజియం పునర్నిర్మాణం కోసం 2017లో మూతపడింది. 2023 జనవరిలో పాలకమండలి తన నిర్ణయాన్ని ప్రకటించింది. దాని ప్రకారం అస్థిపంజరాన్ని ఇకపై ప్రదర్శించరు. అయితే పీయూష గ్రంథి వ్యాధుల పరిశోధన కోసం భద్రపరుస్తారు. 2023 మే నెలలో మ్యూజియం తిరిగి తెరుచుకున్నప్పుడు బైర్న్ అస్థిపంజరం స్థానంలో రేనాల్డ్స్ గీసిన హంటర్ చిత్రపటాన్ని ఉంచారు. రెండు శతాబ్దాలకు పైగా సాగిన ప్రదర్శన ముగిసింది. సముద్రంలో నిక్షేపించాలన్న బైర్న్ కోరిక మాత్రం నెరవేరలేదు.